పిజ్జా కొట్టులో మొదలైన బ్యాండ్: నికెల్ క్రీక్ పిల్లలకు సంగీతం ఎవరు నేర్పారు?

కేరీ_అమ్మ · శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మేం ఉండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. మా పాపకి పదేళ్ళు. నాలుగేళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, వర్ణాల దాకా వచ్చింది.

2023లో రాలీ డౌన్‌టౌన్‌లో బ్లూగ్రాస్ (ఫిడేలు, మాండలిన్, బ్యాంజో లాంటి తీగ వాద్యాలతో సాగే అమెరికా పల్లె సంగీతం) పండగ జరుగుతుంటే చూసొద్దామని తీసుకెళ్ళాం. ఫేయట్‌విల్ స్ట్రీట్ పొడుగునా స్టేజీలు వేశారు. పాప స్టేజీల వైపు చూడనే లేదు. ఫుట్‌పాత్ మీద జనం గుండ్రంగా నిలబడి వాయించుకుంటుంటే (దాన్ని జామ్ అంటారట) అక్కడే ఆగిపోయింది. పన్నెండేళ్ళుంటాయేమో, ఒక అబ్బాయి తాతల వయసు వాళ్ళ మధ్య నిలబడి ఫిడేలు వాయిస్తున్నాడు. గంటసేపు కదల్లేదు మా పిల్ల.

అప్పట్నుంచి ఇంట్లో నికెల్ క్రీక్ అనే ముగ్గురి బ్యాండ్ పాటలే ఒకటే మోత. మొన్న అడిగింది: "అమ్మా, వాళ్ళు మొదలుపెట్టినప్పుడు నాకంటే చిన్నవాళ్ళట కదా, వాళ్ళకి ఎవరు నేర్పారు?" నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ ముగ్గురూ ఎక్కడివాళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకొకటి, కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ ఇది కూడా నేర్చుకుంటే రెండూ చెడతాయా? అదే నా అసలు టెన్షన్.

---

పసిఫిక్_గాలి · శనివారం, ఉదయం 10:05

అక్కా, భలే ప్రశ్న వేశారు. నేను శాండియాగోలో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. వాళ్ళ కథ ఇక్కడికి దగ్గర్లోనే, కార్ల్స్‌బాడ్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో మొదలైంది. అక్కడ 'దట్ పిజ్జా ప్లేస్' అని ఒక పిజ్జా కొట్టు ఉండేది. శనివారం రాత్రి అక్కడ బ్లూగ్రాస్ వాయించేవాళ్ళు. వాయించే బ్యాండ్ పేరు బ్లూగ్రాస్ ఎట్‌సెట్రా. అందులో మాండలిన్ వాయించే జాన్ మూర్ దగ్గర కళ్ళు పెట్టి కూర్చున్న పిల్లలే తర్వాత నికెల్ క్రీక్ అయ్యారు.

క్రిస్ థీలీ పుట్టింది 1981 ఫిబ్రవరిలో. రెండేళ్ళ వయసులో అమ్మానాన్నలు ఆ కొట్టుకి తీసుకెళ్తే మాండలిన్ మీద మనసు పడిందట. కావాలని పేచీ పెడుతూనే ఉన్నాడు, ఐదేళ్ళకి చేతికి వచ్చింది. షాన్ వాట్కిన్స్, సారా వాట్కిన్స్ అన్నాచెల్లెళ్ళు. షాన్ 1977, సారా 1981. షాన్ ముందు పియానో నేర్చుకున్నాడు, తర్వాత జాన్ మూర్ దగ్గరే మాండలిన్. సారా ఫిడేలు. ఆమెకి నేర్పినవాళ్ళలో బైరన్ బెర్లైన్ ఉన్నాడు. ఆయన 1967లో బిల్ మన్రో (బ్లూగ్రాస్‌కి మూలపురుషుడు) బ్యాండ్‌లో వాయించిన మనిషి. ఆయన కట్టిన ఒక బాణీ పేరే 'నికెల్ క్రీక్'. పిల్లలు గురువు బాణీ పేరునే తమకి పెట్టుకున్నారు.

1989లో అదే పిజ్జా కొట్టులో మొదటిసారి వాయించారు. క్రిస్‌కి, సారాకి ఎనిమిదేళ్ళు, షాన్‌కి పన్నెండు. నాలుగో మనిషి క్రిస్ వాళ్ళ నాన్న స్కాట్ థీలీ, నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద మంద్ర తీగ వాద్యం) మీద. ఆయన వృత్తి పియానోలు శ్రుతి చేయడం, బాగుచేయడం. అంటే ఇంట్లో పొద్దస్తమానం శ్రుతి గురించి ఆలోచించే మనిషి ఉన్నాడన్నమాట. నా ఉద్దేశంలో క్రిస్ చెవికి సగం పునాది అక్కడే పడింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. మొదట్లో మాండలిన్ షాన్‌ది, గిటార్ క్రిస్‌ది. తర్వాత వాళ్ళలో వాళ్ళే మార్చుకున్నారు. ఇవాళ క్రిస్ మాండలిన్ లేకుండా ఊహించగలమా!

---

పాలకొల్లు_తీగ · శనివారం, రాత్రి 9:30 (ఇండియా)

మాండలిన్ మాట వచ్చింది, నేను మాట్లాడకపోతే మా ఊరు ఊరుకోదు. నలభై ఏళ్ళుగా మాండలిన్ వాయిస్తున్నాను, పెళ్ళిళ్ళలో, ఆర్కెస్ట్రాల్లో, ఇప్పుడు ఇంట్లో పిల్లలకి.

కేరీ అమ్మగారూ, మీ పాపకి ఇది చెప్పండి. మన మాండలిన్ శ్రీనివాస్ గారు 1969లో మా పాలకొల్లులో పుట్టారు. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండలిన్ ఆరేళ్ళ వయసులో ఆయనే చేతిలోకి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, ఈ పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ, తొమ్మిదేళ్ళ వయసు. అక్కడ ఒక పిల్లాడు పిజ్జా కొట్టులో విని నేర్చుకున్నాడు, ఇక్కడ ఒక పిల్లాడు గురువు గొంతు విని నేర్చుకున్నాడు. వాద్యం ఒకటే, చెవి ఒకటే.

వాద్యంలో తేడా చెప్తాను. మామూలు మాండలిన్‌కి నాలుగు జంటలు, మొత్తం ఎనిమిది తీగలు. జంట తీగ మీద గమకం లాగడం చాలా కష్టం, రెండూ ఒకేలా సాగవు. అందుకే శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని ఒంటి తీగలు వేయించుకున్నారు, ఐదు తీగలతో. బ్లూగ్రాస్‌లో మాత్రం జంట తీగే కావాలి. ఎందుకంటే వాళ్ళకి డ్రమ్ములు లేవు. మాండలిన్ వాడు తీగల మీద ఒక్క దెబ్బ కొట్టి, వెంటనే ఎడమ చేతి వేళ్ళు సడలించి నాదాన్ని ఆపేస్తాడు. 'చప్' మని వినపడుతుంది. దాన్ని చాప్ అంటారు. కాలు నేల మీద పడినప్పుడు బాస్, లేచినప్పుడు మాండలిన్. మృదంగం, కంజిర పని ఈ రెండూ కలిసి చేస్తాయి. పాప చేత ఒక పాటకి కాలుతో తాళం వేయించండి, కాలు లేచిన చోట ఆ 'చప్' వినపడుతుంది.

క్రిస్ పన్నెండేళ్ళకే, 1993లో, కాన్సస్‌లోని విన్‌ఫీల్డ్‌లో జాతీయ మాండలిన్ పోటీ గెలిచాడు. 2014 సెప్టెంబర్‌లో శ్రీనివాస్ గారు పోయారు, నలభై ఐదేళ్ళకే. ఆ రోజు నేను మాండలిన్ ముట్టుకోలేదు. ఇప్పటికీ ఆయన పేరు రాస్తుంటే గొంతు పట్టేస్తుంది.

---

ఐదోతీగ · శనివారం, మధ్యాహ్నం 1:15

షార్లెట్ నుంచి. మూడేళ్ళుగా బ్యాంజో (గుండ్రటి డప్పుకి మెడ తగిలించినట్టుండే తీగ వాద్యం) నేర్చుకుంటున్నాను. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా, బ్యాంజోకి ఐదో తీగ పొట్టిగా ఉంటుంది, దాని బిరడా మెడ మధ్యలో ఉంటుంది. అంత పొట్టి తీగ లేకుండా ఈ సంగీతమే లేదు.

నికెల్ క్రీక్ అంటే నాకూ ఇష్టమే, కానీ దాన్ని బ్లూగ్రాస్ బ్యాండ్ అనడానికి మనసొప్పదు. బ్యాంజో ఏది? ఎర్ల్ స్క్రగ్స్ 1945 డిసెంబర్‌లో బిల్ మన్రో దగ్గర చేరి, మూడు వేళ్ళతో బ్యాంజోని వానజల్లులా కురిపించిన తర్వాతే ఈ సంగీతానికి ఈ రూపం వచ్చింది. స్క్రగ్స్‌ది ఫ్లింట్ హిల్, షెల్బీ పక్కన. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. షెల్బీలో పాత కోర్టు భవనాన్ని 2014లో ఆయన పేరిట మ్యూజియంగా మార్చారు, మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళాను. 2002 ఆల్బమ్‌కి నికెల్ క్రీక్‌కి గ్రామీ వచ్చింది కూడా బ్లూగ్రాస్ విభాగంలో కాదు, సమకాలీన ఫోక్ విభాగంలో. అంటే ఇచ్చినవాళ్ళకీ తెలుసు.

---

హన్మకొండ_గిటార్ · శనివారం, రాత్రి 11:50 (ఇండియా)

అందరికీ నమస్తే. నేను డిగ్రీ చదువుతున్న. షాన్ వాట్కిన్స్ గురించి ఎవ్వరూ ఎక్కువ మాట్లాడరు, అందుకే ఈ పోస్టు. బ్లూగ్రాస్‌లో గిటార్ అంటే మొదట్లో ఒక మంద్ర స్వరం, ఒక జల్లు, మళ్ళీ మంద్రం, మళ్ళీ జల్లు, అంతే. ముందుకొచ్చి బాణీ వాయించే పని ఫిడేలుది, బ్యాంజోది. డాక్ వాట్సన్ లాంటివాళ్ళు ఫిడేలు బాణీల్ని పిక్‌తో (తీగ మీటే చిన్న ముక్క) గిటార్ మీద వాయించి దారి తెరిచారు. ఆయన పసితనంలోనే చూపు పోయిన మనిషి, ఊరు మీ నార్త్ కరోలినాలోని డీప్ గ్యాప్. ఆ తర్వాత క్లారెన్స్ వైట్, టోనీ రైస్.

షాన్ ఆ దారిలో వచ్చినవాడే. మాండలిన్ నుంచి గిటార్‌కి వచ్చాడు కాబట్టి పిక్ కదలిక తేలిగ్గా ఉంటది. ఇద్దరు మహా వాద్యకారుల మధ్య నిలబడి, ఎప్పుడు తగ్గాలో తెలిసి వాయిస్తడు. నేను రాత్రిళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్క గిటార్‌నే వెంబడిస్త. నాకు గురువు లేడు, ఆయన రికార్డులే గురువు.

---

పసిఫిక్_గాలి · శనివారం, సాయంత్రం 4:20

తమ్ముడూ హన్మకొండా, బాగా రాశావు.

ఐదోతీగ అన్నా, ఒక్క మాట. బిల్ మన్రో 1939 అక్టోబర్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే నాష్‌విల్ రేడియో కార్యక్రమంలో అడుగుపెట్టినప్పుడు ఆయన బ్యాండ్ బ్లూ గ్రాస్ బాయ్స్‌లో ఉన్నవి ఏంటి? మాండలిన్, గిటార్, ఫిడేలు, బాస్. నాలుగే. బ్యాంజో లేదు. బ్యాంజో 1942లో స్ట్రింగ్‌బీన్ అనే ఆయనతో వచ్చింది, స్క్రగ్స్ ఆ తర్వాత. మధ్యలో కొన్నాళ్ళు మన్రో బ్యాండ్‌లో అకార్డియన్ కూడా ఉంది, శాలీ ఆన్ ఫారెస్టర్ వాయించేది. ఇప్పుడు నికెల్ క్రీక్ చూడు: మాండలిన్, గిటార్, ఫిడేలు, బాస్. అచ్చం 1939 నాటి కూర్పు. ఎవరి బ్యాండ్ పేరు మీద ఈ సంగీతానికి పేరొచ్చిందో ఆ మనిషే బ్యాంజో లేకుండా మొదలుపెడితే, ఈ పిల్లల్ని ఎలా బయటికి తోస్తాం?

మన్రో ఎలా నేర్చుకున్నాడో కూడా చూడు. కెంటకీలో రోజీన్ అనే పల్లె. ఎనిమిది మందిలో ఆఖరివాడు. ఫిడేలు, గిటార్ అన్నలు తీసేసుకుంటే మిగిలిన మాండలిన్ ఈయనకి వచ్చింది. గోల ఎక్కువవుతుందని అన్నలు ఎనిమిది తీగల్లో నాలుగు తీసేయించారట! పదేళ్ళకి అమ్మ పోయింది, పదహారేళ్ళకి నాన్న. మేనమామ పెన్ వాండివర్ దగ్గర పెరిగాడు. ఆయన ఫిడేలు పట్టుకుని ఊళ్ళలో నృత్యాలకి వెళ్తుంటే వెనకే ఈ కుర్రవాడు. ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి సంగీతకారుడి పక్కన కూడా వాయించాడు, ఆయన దగ్గరి బ్లూస్ ఈ సంగీతంలోకి అలా వచ్చింది.

---

ఐదోతీగ · శనివారం, సాయంత్రం 5:02

1939 మాట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. నాకు మాత్రం స్క్రగ్స్ తర్వాతి నాదమే బ్లూగ్రాస్ అని అనిపిస్తూనే ఉంటుంది, అది నా ప్రేమ. కానీ ఆ పిల్లలు బయటివాళ్ళని ఇక అనను.

---

పాలకొల్లు_తీగ · ఆదివారం, ఉదయం 7:10 (ఇండియా)

అన్నలు నాలుగు తీగలు తీసేయించారా! అంటే ఆ పిల్లాడు మొదట వాయించిందీ ఒంటి తీగల మీదే. మా శ్రీనివాస్ గారు కావాలని తీయించుకున్నవి ఆయనకి బలవంతంగా తీయించారు. పొద్దున్నే ఎంత మంచి సంగతి చెప్పారు బాబూ.

---

విజయనగరం_కమాను · ఆదివారం, ఉదయం 9:00 (ఇండియా)

వయొలిన్ ఉపాధ్యాయినిని, ముప్పై రెండేళ్ళ అనుభవం. ఇక్కడ అందరూ 'విని నేర్చుకున్నారు, ఆడుతూ పాడుతూ వచ్చేసింది' అన్న ధోరణిలో రాస్తున్నారు. కేరీ అమ్మా, అలా నమ్మితే పాప నష్టపోతుంది. పన్నెండేళ్ళకి జాతీయ పోటీ గెలిచిన పిల్లవాడు ఆ ఏడేళ్ళూ రోజూ ఎన్ని గంటలు కూర్చున్నాడో ఆలోచించండి. సారా పదిహేనేళ్ళకి అరిజోనా రాష్ట్ర ఫిడేలు పోటీ గెలిచింది. పేరు జామ్ అయినా, సాధన సాధనే.

మీ అసలు ప్రశ్నకి వస్తాను. రెండూ నేర్చుకోవచ్చు, చెడవు. కానీ చేతికి తేడా తెలియాలి. మనం కింద కూర్చుంటాం, వయొలిన్ తల కుడి పాదం మీద, రెండో కొస గుండెకి ఆనుతుంది. వాద్యం బరువు ఎడమ చేతి మీద పడదు, అందుకే ఆ చేయి తీగ పొడుగునా జారగలదు. మన గమకమంతా ఆ జారుడులోనే ఉంది. వాళ్ళు నిలబడి వాయిస్తారు. వేళ్ళు ఉన్నచోటే ఉండి నాలుగు తీగల మీదా గంతులేస్తాయి. రెండు తీగల్ని ఒకేసారి మోగిస్తారు. కమాను ఒక పొడుగు, రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి, 'తాం కిట తాం కిట' అన్నట్టు పోతుంది. ఆ కమాను పని మన పిల్లలకి చాలా మేలు చేస్తుంది. మన పిల్లల్లో చాలామంది కమాను చివరి నాలుగు అంగుళాలు వాడనే వాడరు.

శ్రుతి కూడా వేరు. మనది స ప స ప. వాళ్ళది జి, డి, ఎ, ఇ. ఒకే వయొలిన్‌ని వారానికోసారి అటూ ఇటూ బిగించి వదిలితే తీగలు తట్టుకోవు. రెండో వయొలిన్ అద్దెకి తీసుకోండి.

'పరాయి వాద్యం, పరాయి సంగీతం' అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఈ వయొలినే మనకి సముద్రాల మీదుగా వచ్చింది. మా ఊరి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కమాను పట్టిన తర్వాత దాన్ని పరాయిది అన్నవాళ్ళు లేరు.

---

బే_ఏరియా_బుల్లోడు · ఆదివారం, ఉదయం 7:45

టీచర్ గారి మాటకి నా బలం కూడా కలుపుతున్నా. ఈ తరంలో చాలామంది విని నేర్చుకోవడం, కాలేజీలో చదువుకోవడం, రెండు రకాలుగానూ నేర్చుకున్నవాళ్ళే. క్రిస్ థీలీ తర్వాత పెట్టిన పంచ్ బ్రదర్స్ బ్యాండ్ చూడండి. గిటార్ క్రిస్ ఎల్డ్రిడ్జ్. వాళ్ళ నాన్న బెన్ ఎల్డ్రిడ్జ్ సెల్డమ్ సీన్ బ్యాండ్‌లో బ్యాంజో, ఇంట్లోనే సంగీతం. అయినా ఓబర్లిన్ కాలేజీలో చదువుకున్నాడు. బాస్ పాల్ కోవర్ట్ ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాల విద్యార్థి, బాస్ విద్వాంసుడు ఎడ్గర్ మేయర్ శిష్యుడు. బ్యాంజో నోమ్ పికెల్నీ, షికాగో దగ్గరివాడు, అక్కడి ఓల్డ్ టౌన్ స్కూల్‌లో మొదలుపెట్టాడు.

ఇక మా పాలో ఆల్టో అమ్మాయి మాలీ టటల్. నాన్న జాక్ టటల్ ఇక్కడ ఒక వాద్యాల షాపులో ఏళ్ళ తరబడి బ్లూగ్రాస్ పాఠాలు చెప్పిన మాస్టారు. ఎనిమిదేళ్ళకి గిటార్ పట్టింది, బాస్టన్‌లో బర్క్‌లీ కాలేజీ. 2017లో బ్లూగ్రాస్ సంఘం వాళ్ళ ఉత్తమ గిటారిస్ట్ అవార్డు తీసుకుంది, ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ. మనవాళ్ళు పిల్లల్ని కోడింగ్ క్లాసులకి దింపే వీధుల్లోనే ఈ అమ్మాయి పెరిగింది. ఆ సంగతి తెలిసిన రోజు మా అబ్బాయి గిటార్ మీద దుమ్ము దులిపాను.

---

కేరీ_అమ్మ · ఆదివారం, రాత్రి 9:15

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పోస్టులన్నీ పాపకి చదివి వినిపించాను. పాలకొల్లు బాబాయిగారి 'చప్' ఇంట్లో ఇప్పుడు చెంచాలతో నడుస్తోంది. ఆ ముగ్గురూ టూర్ల కోసం ఇంట్లోనే చదువుకున్నారని ఎక్కడో చదివి, తనూ స్కూల్ మానేస్తానంటోంది, దాని గురించి వేరేగా మాట్లాడుకుంటాం.

ఇక్కడ నెలకి రెండు శనివారాలు ఒక కాఫీ షాపు వెనక జామ్ జరుగుతుందని తెలిసింది. తీసుకెళ్ళాలని ఉంది, భయంగా కూడా ఉంది. అక్కడి పద్ధతులు ఏమిటి? మన చీరలు, బొట్లు చూసి ఎవరైనా ఏమైనా అంటారా?

---

ఐదోతీగ · ఆదివారం, రాత్రి 10:30

అక్కా, నేను మూడేళ్ళుగా వెళ్తున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు. మొదటి రోజు బ్యాంజో పెట్టె చూడగానే పక్కకి జరిగి కుర్చీ వేశారు. పద్ధతులు రాస్తాను, పాపకి చెప్పండి.

పాట ఎత్తుకున్నవాళ్ళు ముందు శ్రుతి చెప్తారు, 'జి', 'ఎ' అని. వాళ్ళు పాడతారు. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కొక్కరికి వంతు వస్తుంది, మన కచేరీలో పల్లవి మీద స్వరం వేయమని గురువు కళ్ళతో సైగ చేసినట్టు. వాయించాలనుంటే ముందుకి రావాలి, వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే చాలు, వంతు పక్కవాళ్ళకి పోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఎవరైనా పాడుతుంటే మిగతా వాద్యాలు తగ్గాలి, ఇది మాత్రం గట్టి నియమం. చివరికి పాట ఎత్తుకున్న మనిషి ఒక కాలు పైకి లేపుతాడు. అంటే ఈ ఆవృత్తంతో ఆపేస్తున్నాం అని. కాగితాలు, నొటేషన్ పుస్తకాలు ఉండవు. రాని పాటకి బయట నిలబడి సన్నగా వాయిస్తూ వెతుక్కోవచ్చు.

క్రిస్, సారా, షాన్ కార్ల్స్‌బాడ్‌లో శనివారం శనివారం చూసింది ఇదే.

---

విజయనగరం_కమాను · సోమవారం, ఉదయం 9:20 (ఇండియా)

రాని పాట వచ్చినప్పుడు పాపని శంకరాభరణం స్వరాలతో వెతకమనండి. చాలా పాటలు మోహన స్వరాలతోనే నడిచిపోతాయి. స రి గ ప ద. షడ్జమం ఎక్కడుందో పట్టుకుంటే మిగతావి వేళ్ళకే తెలుస్తాయి.

---

కేరీ_అమ్మ · రెండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:50

వెళ్ళొచ్చాం. ఇప్పుడే పాప నిద్రపోయింది, మర్చిపోకముందే రాస్తున్నాను.

ముందు తప్పు చెప్పేస్తాను. టీచర్ గారు రెండో వయొలిన్ తీసుకోమన్నారు. అద్దెకి ఇస్తామన్న షాపు వాళ్ళు ఇవాళ, రేపు అంటూ చివరికి ఇవ్వలేదు. పాప ఆగలేదు. ఉన్న వయొలిన్‌నే పట్టుకెళ్ళాం. కాఫీ షాపు వెనక చెట్టు కింద కూర్చుని నేను బిరడా తిప్పుతుంటే పై తీగ టప్పున తెగి పాప చెంపకి తగిలింది. గీత పడింది, రక్తం రాలేదు. పాప కళ్ళలో నీళ్ళు. నా చేతులు వణికాయి.

ఫిడేలు పెట్టె తెరిచి కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చింది. డెబ్బై ఉంటాయి. ఏమీ అడగలేదు. తన పెట్టెలోంచి చుట్టగా ఉన్న తీగ ఒకటి తీసి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని వేసింది. బిరడాకి పెన్సిల్ ముక్కతో నల్లగా రుద్దింది, పట్టేయకుండా తిరగడానికట. నాలుగు తీగలూ చెవి ఆనించి శ్రుతి చేసి పాపకి ఇచ్చింది. డబ్బులిస్తానంటే చేయి ఊపేసింది.

మొదటి అరగంట పాప వలయం బయట నిలబడింది. కుర్చీ ఇస్తే నిలబడే ఉంటానంది. వయొలిన్ భుజం మీద ఎలా పెట్టాలో తెలియక రెండుసార్లు జారింది. ఆ పెద్దావిడ గడ్డానికి ఆనించకుండా ఛాతీ మీద కిందకి పెట్టుకుని వాయిస్తోంది. పాప అది చూసి అలాగే పెట్టుకుంది, మనవాళ్ళు గుండెకి ఆనించుకుంటాం కదా, దానికి దగ్గరగా అనిపించిందట. అప్పట్నుంచి కుదురుకుంది.

తర్వాత ఒక ముసలాయన నెమ్మదిగా పాట ఎత్తుకున్నాడు, జి లో. పాప వేళ్ళు కదలడం చూశాను. పెదాలు కూడా కదులుతున్నాయి, స రి గ ప ద అనుకుంటోంది. మూడో చరణం అయ్యాక ఆయన పాప వైపు చూసి గడ్డం పైకెత్తాడు. నేను తల అడ్డంగా ఊపుతుందనుకున్నాను. ముందుకి ఒక్క అడుగు వేసింది.

వాయించింది పదహారు సెకన్లు ఉంటుందేమో. బాణీ పూర్తిగా రాలేదు. మోహనంలో నెమ్మదిగా ఒక తిప్పు తిప్పి, గాంధారం మీద కొంచెం ఊపింది, మనం ఊపినట్టు. బాస్ వాయించే ఆయన కళ్ళు తెరిచి చూశాడు. పక్కనున్న మాండలిన్ అబ్బాయి చాప్ తగ్గించేసి చోటిచ్చాడు. తిరిగి షడ్జమం మీదకి వచ్చి ఆగింది, సరిగ్గా పాట మళ్ళీ ఎత్తుకునే చోటికి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పాట ఆగలేదు, వంతు పక్కకి పోయింది. పాప అది చూసే ఎక్కువ సంతోషపడిందట. "అమ్మా, నన్ను కూడా వాళ్ళలాగే చూశారు" అంది కార్లో.

ఆఖరికి ఆయన కాలు లేపినప్పుడు అందరితోపాటు పాప కూడా ఆపేసింది. ఐదోతీగ గారూ, మీరు చెప్పిన ఆ కాలు సంగతి గుర్తుపెట్టుకుంది.

---

పాలకొల్లు_తీగ · ఆదివారం, ఉదయం 9:05 (ఇండియా)

గాంధారం ఊపిందా తల్లీ! చల్లగా ఉండాలి. చెంప మీద గీతకి కొబ్బరినూనె రాయండి.

---

విజయనగరం_కమాను · ఆదివారం, ఉదయం 9:40 (ఇండియా)

ఈ సోమవారమే రెండో వయొలిన్. ఇంకో షాపు చూడండి. కావాలంటే ఏ సైజు తీసుకోవాలో పాప చేయి కొలత పంపండి, చెప్తాను. మెడ నుంచి అరచేతి మధ్య దాకా కొలవాలి.

---

ఐదోతీగ · ఆదివారం, ఉదయం 8:20

అక్కా, వచ్చే జామ్ ఎప్పుడో చెప్పండి. షార్లెట్ నుంచి మూడు గంటలు, పొద్దున్నే బయల్దేరతాను. బ్యాంజో తెస్తాను, పాపకి రెండు ఇ తీగలు, ఆ పెద్దావిడకి ఒకటి తెస్తాను. ఆవిడ ఏ కంపెనీ తీగ వాడుతుందో వీలైతే అడిగి చెప్పండి.